ఎడమచేతి ముడి

కోటగల్లీ, నిజామాబాద్
12 జూలై 1987

ఆత్మారాం అన్నకు,

నీ చెల్లె గోదావరి దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ మేము బాగున్నాము. మేము అంటే నేను, మా అత్త ఈరవ్వ. ఇంకెవరున్నారు.

ఒక పని మీద రాస్తున్నాను. మొన్న నాలుగు రోజుల ముసురుకు వెనక అర్ర కారింది. తునికాకు కట్టలు తడవకుండా ఇవతలికి జరుపుతుంటే, మూలకు గోనెసంచి కింద పాత గంగాళం కనిపించింది. దాని నిండా ఇనుప ముక్కలు. అది మా మామ మాక్లూర్ తోటలో నీళ్లు తోడిన బిలాతి పెట్రోలు ఇంజన్. నీకు గుర్తుండాలి. నా పెళ్లిలో దాని దగ్గర కూర్చొని, భోజనానికి పిలిచినా నువ్వు లేవలేదు. మా ఆయన మస్కట్ పోయే ముందు నెల దాన్ని విప్పి, "అచ్చినంక బిగిస్త" అని గంగాళంలో వేసి పోయాడు.

నాలుగేళ్లయింది. బొంబాయి నుంచి 'రేపు విమానం ఎక్కుతున్న' అని రాసిన కార్డు తర్వాత ఇంకో అక్షరం రాలేదు. నీకు తెలిసిందే మళ్లీ రాస్తున్నాను.

ఆ ముక్కలను ముట్టుకుంటే చేతికి ఎర్రటి పొడి అంటుతున్నది. బిగించాలని కాదు అన్నా. ఉన్నది ఇంకా చెడిపోకుండా ఏం పూయాలో చెప్పు, చాలు. అత్తకు తెలియకుండా చేయాలి. ఆ మూలకు నన్ను పోనివ్వదు.

బోధన్‌కు మూడేళ్లుగా ఎందుకు రాలేదని వదిన అడిగిందట. బస్సులో గంట దూరం, నిజమే. కానీ పదకొండింటికి పోస్టు వస్తుంది. ఆ వేళకు నేను ఇంట్లో ఉండాలి. చదవడం వచ్చింది నాకే కదా. రెండింటికి ఖార్ఖానాలో బీడీలు అప్పగించాలి. ఆ తర్వాత బస్సెక్కితే ఆ రోజుకు తిరిగి రాలేను. "వాడచ్చే నాడు ఇంట్ల పెండ్లాం లేకుంటే ఎట్లనే?" అంటుంది అత్త.

గోదావరి


శక్కర్‌నగర్, బోధన్
21 జూలై 1987

చెల్లె గోదావరికి,

డ్యూటీ దిగి వచ్చి నీ ఉత్తరం చదివి, కాళ్లు కూడా కడుక్కోకుండా జవాబుకు కూర్చున్నాను. "ఇనుము మాట ఎత్తితె ఈ మనిషికి ఆకలి కాదు" అని మీ వదిన ప్రమీల గిన్నెలు చప్పుడు చేస్తున్నది.

నీకు తెలియదు కానీ ఇప్పుడు నా దగ్గర అలాంటివి రెండున్నాయి. కరెంటు రాకముందు ఈ చెరుకు తోటలన్నిటిలో అవే నడిచేవి. పెట్రోలు పోసి మొదలుపెట్టి, వేడెక్కాక కిరోసిన్‌కు మార్చేవాళ్లు. మోటర్లు రాగానే కొట్టాల్లో పారేశారు. మోస్రా ఊళ్లో ఒకటి కోళ్లగూటి కింద దిమ్మెగా దొరికింది. ఏడు నెలలు పట్టింది నడిపించడానికి. దేనికి నడిపించావని అడగకు. ఆదివారం వాకిట్లో పెట్టి తాడు గుంజుతాను, గంటసేపు నడుపుతాను, ఆపి తుడుస్తాను. ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లుగా ఫిట్టర్ పని చేస్తున్నాను, అక్కడ ఏ మిషనూ నాది కాదు. రెండోదానికి బెల్టు పట్టా వేసి చెరుకు రసం మిషన్ తిప్పాను. వీధి పిల్లలందరూ వదినను రసం అత్త అంటున్నారు.

ఏం పూయాలని అడిగావు. విప్పి పెట్టిన ఇంజన్‌కు ఏం పూసినా చెడిపోతూనే ఉంటుంది. అది బాగుండాలంటే బిగించాలి. నువ్వు బిగించగలవు. చిన్నప్పుడు నా సైకిల్ చైను ఎక్కించింది ఎవరు?

ముందు సిలిండర్ చూడు. పిస్టన్ లోపలే పట్టుకొని ఉంటే పైనుంచి కిరోసిన్ పోసి వారం నాననివ్వు. సుత్తితో కొట్టకు. చెక్క ముక్క ఆనించి తట్టు. రాకపోతే ఇంకో వారం ఆగు. ప్రతి ముక్కనూ తుడిచి, బొమ్మ గీసి, నంబరు వేసుకో. అర్థం కాని ముక్క ఉంటే బొమ్మ నాకు పంపు.

మస్కట్ నుంచి వచ్చిన వాళ్లను ఇంకా ఇద్దరిని అడిగాను. భోజన్న బావ పేరు ఎవరూ వినలేదు.

ఆత్మారాం


కోటగల్లీ, నిజామాబాద్
6 సెప్టెంబర్ 1987

అన్నకు,

పిస్టన్ వచ్చింది! పదిహేడో రోజున వచ్చింది. రోజూ తడుతూనే ఉన్నాను, రాయిలా ఉన్నది. ఆ రోజు చెక్క పెట్టి ఒక్కసారి తట్టగానే వేలెడంత జారింది. నేను గట్టిగా అరిచాను. ఆ అరుపుకే దొరికిపోయాను.

అత్త వచ్చి గుమ్మంలో నిలబడింది. నా చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి.

"నా కొడుకు ఇప్పిండు, నా కొడుకే బిగిస్తడు" అన్నది. "నువ్వు బిగిస్తె, ఇంగ వాడు రాడని నువ్వు అనుకున్నట్టే గదనే."

"తుప్పు వడుతున్నదత్తా."

"పట్టనియ్. వాడచ్చి రుద్దుకుంటడు."

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఒకే చాట ముందు ఎదురెదురుగా కూర్చొని, ఒకే ఆకు కత్తిరించి బీడీలు చుడుతూ మూడు రోజులు మాట లేకుండా ఉండడం ఎలా ఉంటుందో నీకు తెలియదు. ఆమె మీద నాకు కోపం రాదు. అదే నా కష్టం. కొట్టే అత్త అయితే నీ దగ్గరికి వచ్చేసేదాన్ని. ఆమె ముందు నాకు పెట్టి తర్వాత తాను తింటుంది. నాకు జ్వరం వస్తే పోచమ్మకు మొక్కుతుంది. నేను ఈ ఇల్లు దాటితే కొడుకు చచ్చినట్టేనని ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను మెడలో వేసుకొని తిరుగుతున్నాను.

పక్కింటి శ్యామలమ్మ కూతురికి గాజులు వేయించే రోజున అందరితో పాటు నన్నూ పిలిచారు. గాజుల పళ్లెం నా దాకా వచ్చి ఆగింది. తేవాలా వద్దా అని ఆ పిల్ల తల్లి ముఖం చూసింది. తల్లి పక్కకు చూసింది. నా నుదుట బొట్టు ఉన్నది, మెడలో పుస్తెలు ఉన్నాయి. అయినా వాళ్లకు అనుమానం. నాకే అడుగు ముందుకు పడలేదు, వాళ్లననేం లాభం. "అర్ర తలుపు తీసి వచ్చిన" అని అబద్ధం చెప్పి ఇంటికి వచ్చేశాను.

నాలుగో రోజు, తల ఎత్తకుండా, అత్త అడిగింది: "అండ్లకెల్లి పిస్టన్ అచ్చిందా?"

వచ్చిందన్నాను. "మీ మామ బతికున్నప్పుడు తాడు గుంజింది నేనే. ఆయన కూసొని బీడీ తాగేటోడు" అన్నది. చేయమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

బొమ్మలు ఆరు పంపుతున్నాను. నాలుగో నంబరు ముక్క ఏమిటి?

గోదావరి


శక్కర్‌నగర్, బోధన్
15 అక్టోబర్ 1987

గోదావరికి,

నాలుగో నంబరు కార్బొరేటర్‌లో తేలే బుడ్డి. దాన్ని చెవి దగ్గర ఊపి చూడు. లోపల పెట్రోలు చప్పుడైతే చిల్లు ఉన్నట్టు.

కొత్త రింగులు హైదరాబాద్ నుంచి తెప్పించాను. బస్సు కండక్టర్ లింబయ్య చేతికి ఇచ్చాను. మూడు రింగుల సందులూ ఒకే వరసలో రాకుండా బిగించు. వాల్వులకు పేస్టు రాసి, రెండు అరచేతుల మధ్య మజ్జిగ చిలికినట్టు తిప్పు. చుట్టూ ఒకే తీరు బూడిద రంగు గీత పడేదాకా ఆపకు. మాగ్నెట్ అంటే నిప్పురవ్వ ఇచ్చే డబ్బా. అందులో రెండు చిన్న నాలుకలు ఉంటాయి. వాటి మధ్య పెళ్లిపత్రిక అట్ట దూరేంత సందు ఉండాలి.

ఇక్కడ ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగ్ మొదలవుతున్నది. మార్చి దాకా నాకు ఊపిరాడదు. దీపావళికి వచ్చి నిన్ను తీసుకుపోతానని మీ అత్తను అడగమంటావా? అడిగితే ఆమె ఏడుస్తుంది, నువ్వు ఆగిపోతావు. పోయినసారి అదే జరిగింది. అయినా అడగమంటే వస్తాను.

ఆత్మారాం


కోటగల్లీ, నిజామాబాద్
3 ఫిబ్రవరి 1988

అన్నకు,

మొత్తం బిగించాను. తాడు చుట్టి గుంజితే చక్రం మంచిగా తిరుగుతున్నది. కానీ మంట పుట్టడం లేదు. ప్లగ్ తీసి ఇనుముకు ఆనించి చూశాను, రవ్వ రాదు. నాలుకల సందు నువ్వు చెప్పినట్టే పెట్టాను. నాలుగు రోజులు గుంజి గుంజి అరచేయి బొబ్బలెక్కింది. బీడీ దారం కడుతుంటే మండుతున్నది.

గంజ్ దగ్గర మోటర్లకు తీగ చుట్టే అతనికి అత్తను తోడు తీసుకొని చూపించాను. "ఇది బిలాతి మాల్. లోపటి తీగ కాలింది. నాతోని కాదమ్మా" అన్నాడు. కొట్టులో ఉన్నవాళ్లు నన్ను చూసి నవ్వుకున్నారు. దారిలో అత్త, "వాడుంటె రెండు నిమిషాల పని" అన్నది. అప్పుడు నాకు ఎంత కోపం వచ్చిందో. ఆయన మీద. లేని మనిషి మీద కోపం తెచ్చుకోవడం తప్పని వెంటనే అనిపించింది. లేడో ఉన్నాడో తెలియకపోతే కోపం కూడా సగంలోనే ఆగిపోతుంది.

మాగ్నెట్ లింబయ్య చేతికి ఇచ్చాను. నీ దగ్గర కూడా కాకపోతే తిరిగి పంపకు.

గోదావరి


శక్కర్‌నగర్, బోధన్
11 జూన్ 1988

గోదావరికి,

మాగ్నెట్ పంపుతున్నాను. క్రషింగ్ అయిపోయాక సెలవు పెట్టి, మన్మాడ్ రైలుబండి పట్టుకొని బొంబాయి పాత ఇనుము బజారుకు పోయి వచ్చాను. అక్కడివాళ్లు భీవండిలో ఒక మేస్త్రీ దగ్గరికి పంపారు. అతను కొత్త తీగ చుట్టి ఇచ్చాడు. రవ్వ నీలంగా వస్తున్నది, నేను చూశాను. నేరుగా బిగించు, మూత తీయాల్సిన పని లేదు.

ఇంకా ఏమీ విశేషాలు లేవు. ఎండలు ఎక్కువగా ఉన్నాయి. వదిన బాగున్నది.

ఆత్మారాం


కోటగల్లీ, నిజామాబాద్
24 జూన్ 1988

అన్నకు,

ఇంజన్ నడిచింది. రెండో గుంజుకే. ఈ మాట రాసే రోజున కాగితం మీద ఎగిరి గంతేస్తాననుకున్నాను.

అత్త తడి చేతులతో వచ్చి గోడ పట్టుకొని నిలబడింది. "గిదే సప్పుడు. మీ మామ దగ్గినట్టె" అని నవ్వింది. ఆమె నవ్వగా చూసి ఎన్నేళ్లయిందో. గల్లీలో ఆడవాళ్లందరూ వచ్చారు. శ్యామలమ్మ చెవులు మూసుకొని నిలబడింది. నేను చక్రం పక్కన కూర్చొని ఒక్కటే ఆలోచిస్తున్నాను. అది నిన్ను అడుగుతాను. నిజం చెప్పు.

నువ్వు మూత తీయొద్దన్నావు. బిగించే ముందు తీశాను. నువ్వే కదా అన్నీ విప్పి చూడమని నేర్పింది. కొత్త తీగ చుట్ట కదలకుండా దాని మీద మగ్గం దారం కట్టి, పైన లక్క పూశారు. ఆ దారం ముడి చూశాను.

మా అత్తది ఎడమచేతి వాటం. బీడీ మీద దారాన్ని లోకమంతా తిప్పే దిక్కుకు ఎదురు తిప్పుతుంది. రెండు చుట్లు తిప్పి, కొసను కింది నుంచి దూర్చి బొటనవేలితో నొక్కుతుంది. ఖార్ఖానాలో కట్టను చూస్తూనే ఈరవ్వ బీడీలంటారు. తొమ్మిదేళ్లుగా పక్కన కూర్చున్నా నాకు ఆ ముడి రాలేదు. అది నేర్చినవాడు ఒక్కడే ఉన్నాడు. చిన్నప్పుడు తల్లి ఒడిలో కూర్చొని నేర్చుకున్నాడు. చెప్పుల పట్టీకి, పొలంలో పైపుకు, దేనికైనా అదే ముడి వేసేవాడు.

భీవండి మేస్త్రీ ఎవరు అన్నా? నీ ఉత్తరం పది వరసలు ఉన్నది. ఇంజన్ గురించి నువ్వు పది వరసల్లో ఎప్పుడైనా ముగించావా?

గోదావరి


శక్కర్‌నగర్, బోధన్
2 జూలై 1988

గోదావరీ,

అవును. భోజన్న బావే.

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. బజారులో ఒక ముసలి దుకాణదారు, బిలాతి మాగ్నెట్లు చుట్టేవాడు భీవండిలో రాజు మేస్త్రీ ఒక్కడే అని చెప్పాడు. పోయాను. రేకుల షెడ్డు, పక్కన మగ్గాల చప్పుడు. ఒకతను వంగి తీగ చుడుతున్నాడు. నేను మాగ్నెట్ బల్ల మీద పెట్టాను. అతను ముందు దాన్ని చూశాడు, నన్ను కాదు. ముక్క తిప్పి అడుగున గీతలు చూసి, "ఇది మా ఇంటిది" అన్నాడు. ఆ తర్వాత తల ఎత్తాడు.

కొట్టాలనుకున్నాను. సగం జుట్టు తెల్లబడి, బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. చేయి లేవలేదు.

"మస్కట్ ఏడిది బావా" అన్నాడు. "ఏజెంట్ బొంబాయి దాక తెచ్చి ఇడిసిపెట్టిండు. నేను కార్డు రాసిన తెల్లారే వాడు మాయమైండు. ఉన్న పొలం అమ్మిన పైస పోయింది, గోదావరి మీది బంగారం పోయింది. ఏ మొఖంతోని రావాలె? నాలుగు నెలలు పని చేసి చేతుల ఏమన్న పట్టుకొని పోదామనుకున్న. అప్పటికి మీరంత నేను మస్కట్ల ఉన్ననని ఊరంత చెప్పుకున్నరు. రెండో ఏడు ఇంక కష్టమైంది. మూడో ఏడు, ఇన్నొద్దులు ఏడున్నవని అడుగుతె ఏం చెప్పాలె అని భయమైంది. ఇప్పుడు ఆ భయం తప్ప ఇంకేం లేదు."

ఇంకో సంసారం ఉన్నదా అని సూటిగానే అడిగాను. లేదు. అక్కడ అడిగి కనుక్కున్నాను కూడా. ఆ షెడ్డులోనే వండుకుంటాడు, అక్కడే పడుకుంటాడు. మనవైపు వాళ్లు ఉండే వాడకు పోడు, ఎవరైనా గుర్తుపడతారని. ఐదేళ్లలో సినిమా కూడా చూడలేదట.

మాగ్నెట్ ఎవరు విప్పారని అడిగాడు. నువ్వే మొత్తం బిగించావని చెప్పాను. అప్పుడు ఏడ్చాడు. నా చేతిలో చేయి వేయించుకున్నాడు. "దసరాకు నేనే అస్త బావా. అప్పటి దాక చెప్పకు. నువ్వు చెప్తె నేను రాలేను" అన్నాడు. ఒప్పుకున్నాను. వచ్చేవాడిని భయపెట్టి పోగొట్టడం ఎందుకనుకున్నాను. ఇరవై రోజులుగా నీకు రాయడానికి కూర్చొని లేస్తున్నాను. వదినకు కూడా చెప్పలేదు. నా వాకిట్లో ఇంజన్ తాడు ముట్టుకోలేదు.

నన్ను తిట్టు. తిట్టి రాయి.

ఆత్మారాం


కోటగల్లీ, నిజామాబాద్
19 ఆగస్టు 1988

అన్నకు,

తిట్టాలని మూడు ఉత్తరాలు రాసి పొయ్యిలో వేశాను.

ఒక బండి దూరం అన్నా. మస్కట్ అంటే సముద్రం అవతల, మన చేతిలో లేనిదని మనసుకు చెప్పుకుంటూ ఐదేళ్లు గడిపాను. మన్మాడ్ బండి రోజూ మన ఊరి మీదుగానే పోతున్నది కదా. ఆయనకు భయమేసింది. నిజమే, నాకు జాలి కూడా కలిగింది. కానీ ఆయన భయాన్ని ఐదేళ్లు మోసింది ఎవరు? నీకు ఆయన ఏడుపు కనిపించింది, చేతిలో చేయి వేశావు. నేను ఇక్కడ ఎప్పుడు ఏడ్చానో నువ్వు చూడలేదు, ఎందుకంటే నేను 'ఇక్కడ బాగున్నాము' అని రాశాను. తప్పు నాదీ ఉన్నది.

నీ ఉత్తరం చదివిన రోజు అత్త, "ఏం రాసిండు మీ అన్న?" అని అడిగింది. "వాన పడ్డదట" అన్నాను. ఆ మాట అనగానే నేను కూడా మీ ఇద్దరితో కలిసిపోయాను. ఆమె పదకొండింటికి గడపలో కూర్చుంటే నేను లోపలికి పోయి కుండలు కడిగేదాన్ని, అవసరం లేకపోయినా.

నలభై రోజులు అలా గడిచాయి. మొన్న పోస్టు వేళకు ఆమె లేవలేదు. చాట ముందే కూర్చున్నది. "పోస్టాయన అచ్చే యాళ్లయిందత్తా" అన్నాను.

"భీవండి కెల్లి వాడు కార్డు రాస్తడానె?" అన్నది.

నా చేతిలో ఆకు కింద పడిపోయింది.

"నా ముడి నాకు తెల్వదానె" అన్నది. "ఆ డబ్బా అచ్చిన దినం నువ్వు ఖార్ఖానకు పోయినవు. మూత తీసి సూసిన. యాడకెల్లి అచ్చిందని లింబయ్యను పిలిచి అడిగిన, మీ అన్న భీవండిల చుట్టించిండట అన్నడు. నువ్వే చెప్తవని సూస్తున్న. నేను తట్టుకోనని నువ్వు సూస్తున్నవు."

ఇద్దరం ఏడవలేదు. ఆమె ఇంకో బీడీ చుట్టి, "బతికున్నడు. గది సాలు" అన్నది. ఇంకొంచెం సేపటికి, "సాలదు" అన్నది.

ఇప్పుడు ఒక ఉపాయం చెప్పు. మాక్లూర్‌లో మామ తోట పక్క రైతు గంగమణి మన ఇంజన్ మళ్లీ నడుస్తున్నదని ఎవరో చెప్పగా విని వచ్చింది. పసుపు కొమ్ములను రేకు డ్రమ్ములో వేసి తిప్పితే పైపొట్టు పోయి మెరుస్తాయి కదా, దానికి నలుగురు కూలీలు కావాలి, దొరకడం లేదు, మీ ఇంజన్ తిప్పుతుందా అని అడిగింది. నేను తిప్పుతుందని చెప్పేశాను. ఎలాగో నాకు తెలియదు. మన ఇంజన్ అంత వేగంగా తిరిగితే పసుపు పిండి అవుతుంది.

గోదావరి


శక్కర్‌నగర్, బోధన్
9 నవంబర్ 1988

గోదావరికి,

వేగాన్ని రెండు మెట్లుగా తగ్గించాలి. ఇంజన్‌కు చిన్న చక్రం, మధ్యలో ఇరుసు మీద పెద్ద చక్రం, అక్కడి నుంచి డ్రమ్ముకు ఇంకా పెద్దది. ఇనుప చట్రం చేసి లారీలో పంపుతున్నాను. ఇంజన్, డ్రమ్ము రెండూ దాని మీదే కూర్చుంటాయి. పట్టా బిగువు ఎంత ఉండాలో నీ చెయ్యే చెప్తుంది.

దసరా పోయింది, బావ రాలేదు. మీ ఇద్దరికీ తెలుసని నేను కార్డు రాశాను. నిన్న జవాబు వచ్చింది. పున్నమికి ముందు బయలుదేరుతున్నాడట.

రానిస్తావా లేదా అన్నది నువ్వే తేల్చుకో. ఈసారి నేను ఎవరికీ మాట ఇవ్వలేదు.

ఆత్మారాం


మాక్లూర్
5 మార్చి 1989

అన్నకు,

నీ ఉత్తరం వచ్చి నాలుగు నెలలైనా జవాబు రాయలేదు. ఇంట్లో కూర్చొని రాస్తే 'బాగున్నాము' అనే రాసేదాన్ని.

ఆయన వచ్చాడు. సంచి ఒకటి చేతిలో ఉన్నది. గడప బయటే నిలబడ్డాడు. అత్త పోయి రెండు చేతులతో ముఖం తడిమింది, ఒక్క దెబ్బ వేసింది, అన్నం పెట్టింది. నేను నీళ్లు ఇచ్చాను. "మంచిగున్నవా" అన్నాడు. "ఉన్న" అన్నాను. ఐదేళ్ల తర్వాత మొగుడూ పెళ్లాం మాట్లాడింది అంతే. గల్లీ మొత్తం వచ్చింది. అందరూ నా గడ్డం పట్టుకొని, "దేవుడు సల్లగ సూసిండు నిన్ను" అన్నారు. శ్యామలమ్మ స్వయంగా గాజులు తెచ్చి తొడిగింది. మస్కట్ నుంచే వచ్చాడని అందరికీ చెప్పుకున్నాం. ఆ అబద్ధం కూడా నేనే చెప్పాల్సి వచ్చింది.

ఆయన చెడ్డవాడు కాదు అన్నా. మెత్తగా మాట్లాడతాడు. తప్పు చేశానని నాతో చెప్పాడు, కాళ్ల దగ్గర కూర్చొని చెప్పాడు. క్షమించినట్టే ఉన్నాను. కానీ ఆయన నా పక్కన కూర్చుంటే, ఆ ఐదేళ్లలో ఒక్కరోజైనా లేచి బండెక్కి ఉంటే అని లెక్క మొదలవుతుంది. ఆపుదామన్నా ఆగదు.

పసుపు తవ్వి ఎండబెట్టే రోజులు వచ్చాయి. చట్రం మీద ఇంజన్, డ్రమ్ము ఎక్కించి పెరట్లో తిప్పి చూశాను. రెండుసార్లు పట్టా జారింది, మూడోసారి నిలబడింది. ఆయన చూస్తూ కూర్చునేవాడు. తర్వాత పక్కకు వచ్చాడు. తర్వాత ఒకరోజు నా చేతిలోని పానా తీసుకున్నాడు.

"నేనచ్చిన గదా" అన్నాడు. "ఇంక నువ్వెందుకు నూనెల చెయ్యి పెట్టుడు. ఇన్నేండ్లు కష్టపడ్డవు. లోపట కూసో. నేను నడిపిస్త."

ప్రేమతోనే అన్నాడు. నాకు మాత్రం మళ్లీ తలుపు మూసినట్టు అనిపించింది. ఆయన రానప్పుడు ఆయన కోసం ఇంట్లో ఉండాలి, వచ్చాక ఆయన వచ్చాడు కాబట్టి ఇంట్లో ఉండాలి. పానా ఇవ్వమని చేయి చాచాను. ఆయన నవ్వి, నడుస్తున్న ఇంజన్ మీద చేయి వేసి పెట్రోలు తగ్గించబోయాడు.

"ముట్టకు" అన్నాను. అంత గట్టిగా నేను ఆ ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన చేయి వెనక్కి తీసుకున్నాడు.

అప్పుడే గంగమణి ఎడ్లబండి తోలుకొని వచ్చింది. "పసుపంత పట్నం తెచ్చి మల్ల తీస్కపోవుడు నాతోని కాదు. డ్రమ్మే మా కళ్లంలకు రానియ్ బిడ్డా. మా వాడలో ఇంక పదిమంది ఉన్నరు" అన్నది.

నేను నోరు తెరిచేలోపే ఆయన జవాబు చెప్పాడు. "ఆడిది ఊర్ల పొంటి తిరిగి నడుపుతదా? సీజన్ల నేను అస్త తీయి."

"నేనే అస్త" అన్నాను గంగమణితో.

ఆయన అత్త వైపు తిరిగాడు. "అవ్వా, నువ్వన్న చెప్పు."

అత్త చాట పక్కన పెట్టి లేచింది. "ఐదేండ్లు చెప్పిన బిడ్డా. గడప దాటకు, దాటకు అని గీ నోటితోనే చెప్పిన. నువ్వు రాకపోతివి, ఆమె దాటకపోయె. ఇంగ నాతోని కాదు" అన్నది. చీర కొంగు నడుముకు దోపుకొని వచ్చి, చట్రానికి ఒక పక్కన చేయి వేసింది. రెండో పక్క గంగమణి, నేను పట్టుకున్నాం. కాసేపు నిలబడి ఆయన కూడా వచ్చి పట్టాడు. బండి మీదికి ఎక్కించేసరికి నలుగురికీ చెమటలు పట్టాయి.

నేను ఇక్కడికి వచ్చి ఇరవై రెండు రోజులైంది. నాలుగు ఊళ్లు తిరిగాను. మొదటి రోజు నలుగురు నవ్వారు, రెండో రోజు వరసలో నిలబడ్డారు. ఒంటి నిండా పసుపు పొడి. దగ్గితే పచ్చగా వస్తుంది. గంగమణి ఇంట్లో పడుకుంటాను. ఇద్దరు ఆడవాళ్లు తాడు గుంజడం నేర్చుకున్నారు. పోయిన వారం కార్బొరేటర్ బుడ్డికి చిల్లు పడితే సబ్బు అంటించి ఒక పూట నడిపాను, నీకు చెప్తే తిడతావు.

బయటపడ్డానా అంటే ఇంకా తెలియదు. పొద్దున లేవగానే, అత్తకు బీడీ ఆకు ఎవరు తడుపుతున్నారో అన్న ఆలోచనే ముందు వస్తుంది. ఆయన ఒకసారి సైకిల్ మీద వచ్చి దూరంగా గట్టు మీద కూర్చొని పోయాడు. పిలవలేదు నేను. పిలవాలని అనిపించింది కూడా. సీజన్ అయ్యాక ఆ ఇంటికి పోతానో, నీ దగ్గరికి వస్తానో, గంగమణి కొట్టం అద్దెకు అడుగుతానో ఏదీ అనుకోలేదు. నువ్వు మాత్రం నా తరఫున ఏదీ అనుకోకు.

పదకొండింటికి ఇక్కడ కూడా పోస్టాయన వస్తాడు. నిన్న ఇంజన్ చప్పుడులో అతని సైకిల్ గంట వినపడలేదు. పోయాక ఎవరో చెప్పారు.

రేపు సామాను కట్టుకొని సిరికొండ దారిలో ఒక ఊరికి పోతున్నాం, ఊరి పేరు గంగమణికే తెలుసు. ఈ ఉత్తరానికి జవాబు రాయకు అన్నా. అది చేరే రోజుకు నేను ఎక్కడుంటానో నాకే తెలియదు.

నీ చెల్లె
గోదావరి